‘ఖు.’ అనే ఒక్క అక్షరం

అది 2023, వానకాలం. మరాఠీ మాట్లాడే చంద్రపూర్‌ల జట్‌పురా గేట్ దిక్కు ఒక చిన్న కంపెనీల నేను డేటా పని చేస్తున్న. ఏ ఊర్ల రోగాలు ఎక్కువైనయో చూసి ఆడికి డాక్టర్లను పంపే ఒక సంస్థ ఉండె. వాళ్లకు మేం డ్యాష్‌బోర్డ్ చేసిచ్చినం. అంటే, లెక్కలన్ని ఒక్క తెర మీద రంగుల్ల చూపెట్టే పేజీ. ఊరు బాగుంటే గ్రీన్, రోగాలు ఎక్కువైతే రెడ్.

దాంట్ల నా పని హైరార్కీ కట్టుడు. జిల్లా మీద నొక్కితే తాలూకాలు రావాలె, తాలూకా మీద నొక్కితే ఊర్లు, ఊరి మీద నొక్కితే ఒక్కొక్క రోగి పేరు. గిట్ల మెట్టు మెట్టు దిగుడును డ్రిల్‌డౌన్ అంటరు. చెప్పెతందుకు అల్కగనే ఉంటది. కని జనాభా లిస్టుల ఊరి పేరు, రోగుల లిస్టుల ఊరి పేరు అచ్చు ఒక్కతీరు లేకుంటే ఆ ఊరు ఎటూ కాకుంట ‘ఖాళీ’ అనే గడిల పడతది.

మా దిక్కు ఒక్కటే పేరుతోటి రెండూర్లుంటే పెద్దదానికి బుద్రుక్, చిన్నదానికి ఖుర్ద్ అని తోక తగిలిస్తరు. రాతల ‘బు.’, ‘ఖు.’ అని పొట్టిగ రాస్తరు. ఒకలు చుక్క పెడతరు, ఒకలు పెట్టరు, ఇంకొకలు ఇంగ్లీషుల రాస్తరు. దాంతోని ఎన్నో ఊర్లు ఖాళీల పడ్డయి. తెల్లారితే పెద్దసార్లకు చూపెట్టాలె. నాకు తిక్క లేసింది. తోకలన్ని కత్తిరించి పారేసిన. అంతే, ఖాళీ గడిల ఒక్క ఊరు మిగలలె. సబాష్ అని నన్ను నేనే మెచ్చుకొని చాయ్ తాగిన.

రెండు వారాలకు, పొద్దుగాల ఆఫీసుల కూసుంటనే లక్ష్మక్క ఫోను. ఆమెది జివతి తాలూకాల కొండల మీదున్న దేవ్‌గూడ ఖుర్ద్. ఊరి పేరు మార్చి రాస్తున్న, తోక మాత్రం అసలుదే. ఆ ఊరికి ఆరోగ్య కార్యకర్త ఆమెనే. రోగుల పేర్లు ఫోన్ల ఎట్ల ఎక్కియ్యాల్నో ఆమెకు నేర్పింది నేనే.

“చెల్లే, నువ్వు నేర్పినట్టే మూడొద్దుల సంది ఎక్కిస్తున్న. పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. డాక్టర్‌కు ఫోన్ గుడ చేసిన. ఒక్కలన్న రాకపాయె! ఏంది గిది?”

“ఎవ్వరు రాలేదా అక్కా?”

“గాలి గుడ రాలె. నా బిడ్డ పింకి కండ్లు లోపల్కి పోయినయే. పిలిస్తె పలుకుత లేదు.”

ఎంటనే తెర తెరిచిన. జిల్లా గ్రీన్. జివతి నొక్కిన, గ్రీన్. దేవ్‌గూడ, గ్రీన్. కని దేవ్‌గూడ ఒక్కటే కనవడ్డది. రెండుండాలె! పెద్దూరి జనం, చిన్నూరి రోగులు ఒక్క లెక్కల కలిసిపోయిన్రు. గంత జనంల పదకొండు మంది ఏ మూలకు? రంగు ఎట్ల మారుతది?

సంస్థ డాక్టర్ సాబ్‌కు ఫోన్ కొట్టిన. ఆయన మరాఠీల విసుక్కున్నడు. “దేవ్‌గూడనా? ఆమె ఫోన్ చేస్తే నిన్ననే పోయొచ్చినం. అందరు మంచిగున్నరు. నీ తెర మీద గుడ గ్రీనే ఉన్నది. ఆమె ఊకెనే లొల్లి చేస్తున్నది.”

“మీరు పోయింది బుద్రుక్ సార్. రోగులున్నది ఖుర్ద్‌ల. తోక తీసేసింది నేనే.”

“రెండూర్లున్నయని నీ తెరకు తెల్వదా?”

“తెల్వది సార్. నేనే తెల్వనియ్యలె.”

డాక్టర్ల బండి ఎంటనే బయలెల్లింది. కని అది కొండదారి, నడుమ వాగు, పైకెల్లి వాన. లక్ష్మక్కకు ఫోన్ చేస్తే కలుస్తలేదు. ఊకె కూసోలేక పని మీద పడ్డ. ప్రతి ఊరికి సర్కారు ఒక నంబర్ ఇస్తది, దాన్ని విలేజ్ కోడ్ అంటరు. పేర్లను ఇడిసిపెట్టి, ఆ కోడ్ తోటి మెట్లన్ని మళ్ల కట్టిన. మజ్జాన్నానికి దేవ్‌గూడ రెండైంది. ఖుర్ద్ ఎర్రగ వెలిగింది. పనైతె సక్కగైంది. కని ఆ పిల్లకేమన్న అయితె ఆ తల్లికి నా మొకం ఎట్ల చూపెట్టాలె? ఆ దినం నేను మొక్కని దేవుడు లేడు.

నాలుగు గొట్టంగ ఫోన్ మోగింది. ఎత్తెతందుకు భయమైంది.

“సలైన్ ఎక్కిచ్చిన్రు చెల్లే. పింకి నీళ్లడిగింది,” అన్నది లక్ష్మక్క. ఆఫీసుల అందరి ముందట ఏడ్చిన. పదకొండు మంది గుడ బతికిన్రు. నా తెలివితోని కాదు, వాళ్ల నసీబ్ మంచిగుండి.

వారానికి నేనే ఆ ఊరికి పోయిన. తప్పు ఒప్పుకున్న. తోక సంగతంత చెప్పిన. లక్ష్మక్క చాయ్ పోసిచ్చి, నా దిక్కు చూసుకుంట అడిగింది. “ఖుర్ద్ అంటే చిన్నది అనే గద? చిన్నదని తీసేస్తివా చెల్లే?”

చాయ్ గిలాస కింద పెట్టిన.

అప్పటిసంది డ్యాష్‌బోర్డ్ పెద్దసార్లకు చూపెట్టకముందు, అన్నిటికన్న కింది మెట్టు మీదున్న నలుగురు కార్యకర్తలకు ఫోన్ చేస్త. ఊరి పేరు పూర్తిగ చెప్పుమంట. వాళ్లు చెప్పింది నా తెర మీద అచ్చు అట్లనే దొరికినంకనే పని అయినట్టు. ఖాళీ గడి కనవడ్డా ఇప్పుడు తిక్క లేవది. ఆడ ఎవరో పిలుస్తున్నరనే అనుకుంట.

లక్ష్మక్క ఇప్పటికి ఫోన్ ఎత్తంగనే “దేవ్‌గూడ ఖుర్ద్ కెల్లి మాట్లాడుతున్న” అంటది. ఆ ‘ఖుర్ద్’ను మాత్రం జెర ఒత్తి అంటది.