ప్రతిపాదకుడి సంతకం

మా ఊరి సర్పంచ్‌ను పెద్దింటి అరుగు మీదే ఎన్నుకునేవాళ్లు. నామినేషన్లకు ముందు పెద్దాయన అక్కడ కూర్చుని ఒక పేరు చెప్తాడు. ఎవరో టెంకాయ కొడతారు. ఏకగ్రీవం. శాసనసభకు, పార్లమెంటుకు ఓటు వేశాను గానీ సర్పంచ్‌కు మాత్రం ఒక్కసారీ వేయలేదు.

పెద్దాయన అధికార పార్టీ నాయకుడు. వాళ్ల నాయన, తాత కూడా ఎప్పుడూ అధికారం పక్కనే ఉన్నవాళ్లు. తమ్ముణ్ణి ఊరంతా చిన్నాయన అంటుంది. ఈయన రాజకీయం మాట్లాడేవాడు కాదు. కర్నూలు వైపు నాపరాళ్ల గనులు, కడప దగ్గర పాలిషింగు ఫ్యాక్టరీలు, లారీలు, ఒక హోటలు ఆయనవి. అన్న ఎన్నికలన్నీ ఈ రాళ్ల డబ్బుతోనే నడిచాయని అందరికీ తెలుసు. అందుకు బదులుగా ప్రభుత్వం చిన్నాయనకు ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి, వెంట తిరగడానికి గన్‌మెన్‌లను ఇచ్చింది.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. రాయచోటి బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకుని రోజూ ఊరి నుంచి పోయి వచ్చేదాన్ని. మధ్యాహ్నం గిరాకీ ఉండదు గనుక గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. పేపర్ల బల్ల చుట్టూ మగవాళ్లే ఉంటే లోపలి గదిలో కూర్చునేదాన్ని. ఆ గదిలో ముందు నవలలు అయిపోయాయి, తర్వాత చరిత్ర. ఇక చట్టాలు మిగిలాయి. పంచాయతీ చట్టం మీద ఉన్న పుస్తకాన్ని పెళ్లి జాకెట్టు కుట్టినంత శ్రద్ధగా చదివాను.

"పరీక్షకా తల్లీ?" అని గ్రంథపాలకుడు అడిగాడు.

"ఊరికే సార్."

"ఊరికే చదివేవాళ్లకే గుర్తుంటాది" అన్నాడాయన. నాకున్న పట్టా అదే. ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఒక ఎండాకాలం మా ఊళ్లో కొళాయిలు నిలిచిపోయాయి. ఊరి బయట వాల్వు తిప్పి, తాగునీటిని పెద్దాయన చీనీ బత్తాయి తోటకు మళ్లించారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పెద్దింటి ముందు ట్యాంకరు కోసం బిందెలతో నిలబడేవాళ్లం. వాళ్లమ్మ తద్దినానికి వచ్చిన చిన్నాయన మమ్మల్ని చూసి, అరుగు మీదున్న అన్న వైపు తిరిగాడు.

"ఊరి నీళ్లు యాడికి పోతాండాయన్నా?"

"చెట్లు ఎండిపోతాండాయి. కొన్నాళ్లు సర్దుకోవల్ల."

"మనుషులు ఎండిపోతే?"

పెద్దాయన నవ్వాడు. "నువ్వు రాళ్లు కోసుకోరా. ఊరు నేను చూసుకుంటా."

మరునాడు చిన్నాయన కడపలో విలేకరులను పిలిచి చైర్మన్ పదవినీ, పార్టీనీ వదిలేశానని చెప్పాడు. సాయంత్రానికల్లా గన్‌మెన్‌లు వెళ్లిపోయారు. తర్వాత గనుల మీదికి అధికారులు వచ్చారు. ఫ్యాక్టరీలకు కరెంటు ఆగింది. ఇంత జరిగినా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

"అన్న ఒక పార్టీలో, తమ్ముడు ఒక పార్టీలో. ఎవరు గెలిచినా ఆ ఇల్లే గెలుస్తాది. మా తాత కాలం నుంచీ చూస్తాండా ఈ డ్రామా" అన్నాడు మా మేనమామ. నేనూ అలాగే అనుకున్నాను.

అంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరి సర్పంచ్ పదవిని ఆడవాళ్లకు కేటాయించారు. పెద్దాయన తన ట్రాక్టరు డ్రైవరు భార్య పేరు చెప్పాడు. తాను సర్పంచ్ కాబోతున్నట్టు పాపం ఆమెకు మర్నాడు తెలిసింది. ఆ రోజే నేను నిలబడాలని నిశ్చయించుకున్నాను. ఆ వాల్వు తిప్పే అధికారం పంచాయతీదని చదివి ఉన్నాను. చదివి ఊరుకోవడం నాకు చేతకాలేదు.

నామినేషన్‌కు ప్రతిపాదకుడు కావాలి. మా పంచాయతీలో ఓటున్న మనిషి ఎవరైనా నన్ను ప్రతిపాదిస్తున్నానని సంతకం చేయాలి. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. "నిలబడు, ఏమైతే అదవుతాది" అని ఫోన్లో అన్నాడు గానీ, కువైట్ నుంచి సంతకం పెట్టలేడు కదా. ఇంట్లో ఓటున్న మనిషి ఇంకొకరు లేరు. పక్కింటామెను అడిగితే "చెయ్యి నొప్పిగా ఉండాదక్కా" అంది, అదే చేత్తో పిండి రుబ్బుతూ. మామ మాత్రం అబద్ధం చెప్పలేదు.

"పెడతా అమ్మే. పెట్టినాంక ఈ ఊళ్లో యాడ బతికేది?"

గడువు రేపనగా చిన్నాయన నా దుకాణానికి వచ్చాడు. తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. గుడ్డముక్కలు పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాడు.

"నిలబడతాండావంట కదమ్మా."

"అవునన్నా. సంతకం పెట్టేవాళ్లే లేరు."

"నీకెందుకు ఇంత తిప్పలు? మా ఇంటామెను నిలబెడతా. నువ్వు ముందుండి ఊరు తిప్పు. గెలిచినాంక పనులన్నీ నువ్వే చూసుకో."

మిషను ఆపేశాను. "పెద్దరుగు నుంచి చిన్నరుగుకు మారేదానికి ఎన్నికలు ఎందుకన్నా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను కూడా మా అన్న లెక్కనే అనుకుంటాండావా?"

"ఊరంతా డ్రామా అంటాండాది."

"డ్రామాకు ఎవరైనా ఫ్యాక్టరీలు మూసుకుంటారామ్మా?"

"మూసుకున్నావు, నిజమే. కానీ ఎవరు నిలబడల్లో ఇప్పుడు కూడా నువ్వే చెప్తాండావు. నీ ఓటు మన ఊళ్లోనే ఉండాది. రేపు సాయంత్రం ఐదు లోపల వచ్చి నాకు సంతకం పెట్టు. నాకు నీ నుంచి ఇంకేమీ వద్దు."

ఆయన లేచి వెళ్లిపోయాడు.

మరునాడు కాగితాలన్నీ సిద్ధం చేసుకుని నామినేషన్లు తీసుకునే ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర పెద్దాయన మనుషులు కాపు కాశారు.

"ఏమక్కా, ఆఫీసరుకు చొక్కా కొలతలు తీసేదానికి వచ్చినావా?"

"లేదప్పా, నీ నోటికి కుట్లు వేసేదానికి" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే లోపలికి నడిచాను.

అధికారి కాగితాలు చూసి తలెత్తాడు. "ప్రతిపాదకుడు ఏడమ్మా?"

"వస్తాడు సార్."

బెంచీ మీద కూర్చున్నాను. ఆయన రాకపోతే మళ్లీ అయిదేళ్లు ఆ అరుగే. గడువు దగ్గరపడ్డాక గేటు దగ్గర మాటలు ఒక్కసారిగా ఆగాయి. చిన్నాయన ఒక్కడే నడిచి వస్తున్నాడు. అడ్డుకోవడానికి నిలబెట్టిన వాళ్లే అలవాటుకొద్దీ చేతులు కట్టుకుని దారి ఇచ్చారు. ఇచ్చాక తప్పు తెలుసుకుని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆయన బల్ల ముందు నిలబడి పెన్ను తీసేసరికి ఫోను మోగింది. చూసి, అందరి ముందే ఎత్తాడు.

"అవునన్నా, ఆఫీసులోనే ఉండా... నా మనిషి కాదన్నా. ఆమె ఎవరి మనిషీ కాదు..."

తర్వాత చాలాసేపు విన్నాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి బల్ల మీదే ఉంది.

"సరేన్నా. అమ్మ తద్దినానికి కూడా రావద్దంటే రాను. నా ఇంట్లోనే చేసుకుంటా."

ఫోను జేబులో పెట్టుకుని సంతకం చేశాడు. నాపరాయి మీద ఉలితో గీసినట్టు గట్టిగా చేశాడు. అధికారి సమయం రాసి, ముద్ర వేసి రసీదు నా చేతికిచ్చాడు.

బయటికి వచ్చాక చిన్నాయన కారు తలుపు తీశాడు. "రామ్మా, ఊళ్లో దింపుతా."

"వద్దన్నా. కారెక్కితే నీ మనిషినంటారు."

"సంతకం పెడితే అనరా?"

"సంతకం ఓటరుగా పెట్టినావు. కారుకు నువ్వు ఓనరువి."

ఆయన మొదటిసారి నవ్వాడు. తలుపు మూసి, షేర్ ఆటో ఎక్కడ ఆగుతుందో చెయ్యి చూపించాడు.

నామినేషన్ల పరిశీలన ముగిశాక పోటీలో ఉన్నవాళ్ల పేర్లు పంచాయతీ గోడకు అంటించారు. నా పేరు పక్కన ప్రతిపాదించిన వ్యక్తిగా ఆయన పేరుంది. జనం వచ్చి చదివారు, చదువు రానివాళ్లు చదివించుకున్నారు. ఆ గోడ దగ్గర డ్రామా అన్న మాట ఎవరి నోటా వినపడలేదు.

ఆ సాయంత్రమే కరపత్రాలు తీసుకుని ఓట్లు అడగడానికి బయలుదేరాను. మొదట మామ ఇంటికే వెళ్లాను. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. నేనిచ్చిన కరపత్రం తీసుకుని వీధి అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"సంతకమైతే అందరూ చూస్తారు అమ్మే. ఓటు ఎవరికీ కనపడదు గదా?"

"కనపడదు మామా. చట్టంలోనే ఉండాది."

"అయితే ఆ కాగితాలు ఇంకో నాలుగు ఇచ్చిపో" అన్నాడు.