చెట్టు వద్దన్న నేల

మా అమ్మాయి పోయింది. కార్తీకంలో జ్వరమని ఆస్పత్రిలో చేర్చాం. తగ్గితే ఇంటికి తెచ్చుకుందాం అనుకుంటూ ఉండగానే పోయింది. తన దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు పటమటలో మా ఇంటికి ఇప్పటికీ వస్తున్నారు. వచ్చినవాళ్లందరికీ నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను. నా చదువు ఐదో క్లాసుతో ఆగిపోయింది, తప్పులుంటే సర్దుకోండి.

సెలవు రోజు సాయంత్రం తను పొలం నుంచి ఇంటికొస్తే ముందు గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని. జుట్టు నిండా, చున్నీ నిండా జమ్ము కంకుల దూది. కంకిపాడు అవతల మాకు పొలం ఉంది. దాని చివర, మురుగు కాలువ పక్కన, ఎప్పుడూ మోకాలి లోతు నీళ్లుండే పల్లం. మనిషెత్తు జమ్ము గడ్డి తప్ప అక్కడ ఏమీ పెరగదు. ఆ బురదలో నీకేముందే అని తిడుతూ దూది దులిపేదాన్ని. వాళ్ల నాన్నయితే "బురద టీచరమ్మ వచ్చింది, కాళ్లకు నీళ్లియ్యవే" అనేవారు.

"నువ్వు తినే అన్నం ఎక్కడిది నాన్నా? వరీ గడ్డే. బురదలో నిలబడే పండింది" అనేది. ఆయన నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవారు.

నాకు నీళ్లు నిలిచిన చోటల్లా ఒకటే. తనకు కాదు. ఒకసారి నాగాయలంక అవతల మడ అడవికి నన్ను పడవలో తీసుకెళ్లింది. ఉప్పునీళ్లలో చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. మన పల్లమూ ఇలాంటిదేగా అన్నాను. నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అన్నీ చిత్తడి నేలలేనట, కానీ ఒక తల్లి పిల్లల్లాగా దేని పోలిక దానిదేనట. మడలో నీళ్లలోనే చెట్లు నిలుస్తాయి. మన పల్లంలో చెట్టుండదు, గడ్డీ జమ్మూ తుంగా ఉంటాయి. చెరువుకి లోతెక్కువ, నడిమధ్య జమ్ము నిలవదు. ఎక్కడో చలి దేశాల్లో నాచు మీద నాచు పేరుకుని, వాననీటితోనే బతికే నేలలు కూడా ఉన్నాయట. వచ్చే దారిలో మన పల్లం దగ్గర ఆగి, పొలాల మురుగు మన జమ్ములోకి మడ్డిగా వెళ్లి అటు తేటగా రావడం చూపించింది.

"దేని పని దానిదమ్మా. ఇంకోదానిలా చెయ్యబోతే ఉన్నది పోద్ది" అంది.

పెద్దకర్మ అయ్యాక మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మామిడి మొక్క పట్టుకొచ్చారు. పోయినవాళ్ల పేరున చెట్టు నాటడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. పల్లాన్ని మెరక చేసి అమ్మాయి పేరున తోటే వేద్దామని, మట్టి తోలే ట్రాక్టర్లు కూడా మాట్లాడేశారు. ప్రేమతోనే అన్నారు. మా ఆయన తల ఊపారు. బావగారి మాటకు నేనెన్నడూ ఎదురు చెప్పిందాన్ని కాదు.

"చెట్టు వద్దు బావగారూ" అన్నాను.

"పిల్లకి గుర్తంటూ ఒకటి ఉండొద్దా అమ్మా?"

"చెట్టు నిలవాలంటే మట్టి తోలాలి. మట్టి తోలితే మన పిల్ల ప్రాణం పెట్టుకున్న చోటే ఉండదండి."

ఆయన మొక్క తీసుకుని లేచారు. "దీన్ని మా పెరట్లో పెడతాను. కాయ కాస్తే మొదట మీకే" అన్నారు. ట్రాక్టర్లు రాలేదు.

మొన్న తన స్కూలు పిల్లలు పల్లం చూస్తామంటే మా ఆయనా నేనూ వెంట వెళ్లాం. గట్టు మీద నిలబడి ఒక పిల్ల నాకే పాఠం చెప్పింది, ఇది మడ కాదు అమ్మమ్మగారూ, చెట్లు లేవు చూడండి అని. అచ్చం మా అమ్మాయి గొంతులోని ఆ తొందరే. నీటికోడి ఒకటి మమ్మల్ని చూసి జమ్ములోకి దూరింది. గాలి వచ్చింది. ముదిరిన కంకులు విచ్చుకుని దూది లేచింది, పిల్లల జుట్ల మీద, నా చీర మీద వాలింది.

మా ఆయన నా భుజం దులపబోయారు. ఉండనివ్వండి అన్నాను.