కొత్త ఇంజనును రిపేరని రాయని ఆడిటర్ గారు

ఏలూరులో మా ఆడిటర్ గారు పోయారని మొన్న సోమవారం ఆయన శ్రీమతి ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను ఆకివీడు రేవులో మేత బస్తాలు ఎక్కిస్తున్నాను. పని ఆపి, పడవ అంచునే కూర్చుండిపోయాను.

మావారు పోయాక రెండు ఇంజను పడవలు నా చేతికొచ్చాయి. కొల్లేటి ఊళ్లకు చేపల మేత, సరుకులు చేరవేయడం మా వ్యాపారం. పన్నుల సంగతి నాకు ఓనమాలు కూడా రావు. ఆడిటర్ గారు ఎన్నడూ విసుక్కోలేదు. కాగితం నావైపు తిప్పి, పెన్ను మూతతో ఒక్కో వరుసా చూపించేవారు. అర్థమైందన్నాకే పక్క వరుసకు వెళ్లేవారు.

ఒక ఏడాది రెండు పడవలకూ పెద్ద ఖర్చు తగిలింది. ఒకదాని ఇంజను విప్పి, అరిగిన పిస్టన్లు, బేరింగులు మార్పించాను. రెండోదానికి ఏకంగా కొత్త ఇంజనే పెట్టించాను.

"రెండూ రిపేరు కింద రాసెయ్యండి. ఖర్చంతా ఈ ఏడే చూపిస్తే పన్ను తగ్గుతుందంట కదండీ," అన్నాను.

"పాతదాన్ని మళ్లీ నడిచేలా చేస్తే రిపేరమ్మా, అది ఈ ఏటి ఖర్చే. కొత్త ఇంజను మీ ఆస్తి. దాన్ని ఏటా కొంత చొప్పున తరుగుదల కింద తీసుకోవాలి. ఉన్నదున్నట్టు రాద్దామండి."

ఆ ఏడు పన్ను కట్టడానికి చీటీ పాడుకున్నాను. కోపంతో నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత ఇన్‌కమ్ టాక్సు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మొదటి పడవ రిపేరును కూడా కొత్త ఇంజనులాగే ఎందుకు చూడకూడదని అడిగారు. ఆ పన్నూ పడితే ఒక పడవ అమ్ముకోవాల్సిందే. పిలవకుండానే ఆయన ఆకివీడు వచ్చారు. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని ఏ భాగం ఎందుకు మార్చాడో రాసుకున్నారు. ఇంజను పాతదేనని తెలిసేలా దాని మీది నంబరుకు ఫొటో తీయించి, అన్నీ ఆన్‌లైన్‌లో పంపారు.

రిపేరు ఖర్చు ఒప్పుకుంటూ ఆర్డరు వచ్చింది. కొత్త ఇంజనును మేమే ఆస్తిగా చూపించామన్న మాటా అందులో రాశారు.

"మీ మీద కోపం పెట్టుకున్నానండి," అన్నాను.

"కోపం రేపో మాపో పోద్దమ్మా. రాసింది అలాగే ఉండిపోద్ది," అన్నారు.

ఆ చలికాలం ఒక పొద్దున, రిపేరు చేయించిన ఆ పడవ ఎక్కించమని అడిగారు. కొల్లేరు నడుమకు వెళ్లాక, "అవిగోనండి గూడబాతులు," అని చూపించాను.

"ఉండండమ్మా, వింటున్నాను," అన్నారు. ప్యాంటు తడుస్తున్నా పట్టించుకోకుండా ఇంజను పక్కనే గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, దాని చప్పుడు వింటున్నారు. పడవ వెనకాల నీళ్ల మీద తెల్లటి చార చాలా దూరం సాగుతోంది.