నా థీసిస్ నాదేనని ఎవరు చెప్పాలె?

ఏదైనా కొత్త విషయం కనిపెడితే పీహెచ్‌డీ ఇస్తారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీకి చేరాక తెలిసింది, కనిపెట్టడం అందులో చిన్న పని. కోర్సువర్క్ పరీక్షలు పాసవ్వాలి, ఏటేటా రివ్యూ కమిటీ ముందు నిలబడి వాళ్లు ఆవులిస్తుంటే మాట్లాడాలి, పేరున్న జర్నల్‌లో పేపర్ అచ్చేయించాలి. చివరికి థీసిస్‌ను కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. ఆ తర్వాతే బయటి పరీక్షకులు, వైవా. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఇవన్నీ చేశాను. దేనికీ ఏడవలేదు. నన్ను ఏడిపించింది ఒక్క సంతకం.

నా పని సాంచాల మీద. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మా చిన్నమ్మ ఏండ్ల తరబడి సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టి, ఆ మోతకు చెవులు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి అరవాలి. మగ్గం కాళ్ల కింద ఎలాంటి రబ్బరు దిమ్మెలు పెడితే ఆ మోత, ఆ అదురు తగ్గుతాయో తేల్చడమే నా థీసిస్. ఎండాకాలం సెలవులన్నీ ఆ షెడ్లలోనే గడిచాయి. బాపు అంటే మా నాన్న, మేస్త్రీల దగ్గర కూలి. పని దొరకని రోజున మా ఊరు రుద్రంగి నుంచి బండి మీద నన్ను తీసుకుపోయేవాడు. ఆయన గడ్డపారతో మగ్గం కాలు లేపి పట్టుకుంటే నేను దిమ్మె జరిపేదాన్ని. నా గైడు ఆ షెడ్డు గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆయనకు మోత పడదట.

పేపర్ అచ్చయినప్పుడు మాత్రం మొదటి పేరు ఆయనది, రెండోది నాది. అది ఆనవాయితీ అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! అందరు గైడ్లూ అంతే కదా అని తలూపాను.

ఇక తమాషా చూడండి. పేపర్ అచ్చు కాకుంటే థీసిస్ తీసుకోరు. పేపర్‌లో ఉన్న పని థీసిస్‌లో లేకుంటే అది థీసిసే కాదు. రెండింట్లోనూ ఉంటే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు. నా ముఖ్యమైన అధ్యాయం పైనుంచి కిందిదాకా ఎర్రగా తేలింది. ఎవరి దగ్గర కాపీ కొట్టానో కూడా చూపించింది. నా గైడు పేరు! నా రాతను నేనే దొంగిలించానట, అదీ ఆయన దగ్గర. దీనికి యూనివర్సిటీలో ఒక మందుంది. ఆ పని స్కాలర్ సొంతమేనని గైడు సంతకం పెడితే ఆ ఎరుపును లెక్కలోంచి తీసేస్తారు. పెట్టకుంటే థీసిస్ వాపస్, గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేండ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆ ఒక్క వాక్యం కోసం చెప్పులరిగేలా తిరిగాను. డిపార్ట్‌మెంటులో అడిగితే ఆదివారం కోరుట్లలో ఇంటికి రమ్మనేవాడు. ఇంటికి పోతే డిపార్ట్‌మెంటులో చూద్దామనేవాడు. ఒకరోజు అసలు మాట బయటపెట్టాడు.

“ఆలోచన నాది గదమ్మా. మొత్తం నీదేనని ఎట్ల రాసియ్యాలె?”

ఏం ఆలోచన? నేను సాంచాలు అంటే, అవెందుకు, నీళ్ల పంపుల మీద చెయ్యి అన్న మనిషి! బయటికి మాత్రం “సరే సార్” అన్నాను. ఆ “సరే సార్” తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

సంగతి బాపుకు తెలిసింది. గైడు తాతలు చందుర్తి దిక్కు ఒక ఊరికి దొరలు. చిన్నతనంలో బాపు వాళ్ల పొలాల్లోనే కూలికి పోయేవాడు. “నాకెరికైనోళ్లే బిడ్డా, నేనొక మాట జెప్పి జూస్త” అని నాతోపాటు కోరుట్లకు వచ్చాడు.

కుర్చీలున్నా బాపు వరండా మెట్టు మీదే కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు.

“దొరా, మీ దయతోటే మా బిడ్డ గింత దూరమచ్చింది. దానికేం దెలుసు? అంత మీరు రాసిచ్చిందే, మీరు జేసిచ్చిందే. గా సంతకం గూడ మీ చేతులతోటి పెట్టుండ్రి.”

దొరల ముందు ఇట్లాగే మాట్లాడాలని మా వాళ్లకు నేర్పారు. పండిన పంటా మీ దయే, తిన్న బువ్వా మీ దయే అనాలి. అనేవాళ్లు దాన్ని నిజమని అనరు, వినేవాళ్లూ నిజమని వినరు. ఈయనా అట్లాగే వింటాడనుకున్నాను. గైడు నా దిక్కు తిరిగి నవ్వాడు.

“విన్నవా? అంత నేనే రాసిచ్చిన అని మీ నాయినే అంటున్నడు. ఇగ నీదేనని నేనెట్ల సంతకం బెట్టాలె?”

ఆ క్షణాన ఆయన మీదకంటే బాపు మీదే ఎక్కువ కోపం వచ్చింది, దాచడమెందుకు?

“ఏం మాట్లాడుతున్నవ్ బాపు? సారు ఒక్క అక్షరం రాయలే. అంత నేనే రాసిన!” అని అరిచాను. ఇంట్లోంచి ఎవరో తొంగిచూశారు.

బాపు నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

“దొరా, గది మర్యాదకన్న మాట. సాక్ష్యానికి పనికచ్చే మాట గాదు. సాంచ కాలు నేను లేపి పట్టిన, మా బిడ్డ కొలిచింది. ఆడ మీరు లేరు. నేనున్న.”

“ఇంటి మీదికి జగడానికి తోలుకొచ్చినవా?” అని గైడు నన్ను కసిరి లోపలికి పోయాడు. సంతకం పెట్టలేదు.

గైడును మార్చమని అర్జీ పెట్టుకున్నాను. నీళ్లలో ఉంటూ మొసలితో పగ ఎందుకని కాలేజీలో తోటివాళ్లు భయపెట్టారు. అయినా పెట్టుకున్నాను. యూనివర్సిటీ చాలా రోజులు తిప్పించుకుని ఇంకొక ప్రొఫెసర్‌ను ఇచ్చింది. థీసిస్ మోసుకుని ఆయన గదికి పోయాను. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే ఎక్కడ పెట్టాలమ్మా అని సైగ చేశాడు. వేలు పెట్టి చూపించాను. స్వయంగా పరిశీలించి ధ్రువీకరిస్తున్నానన్న వాక్యం కింద సంతకం గీకేశాడు. ఒక్క పేజీ తిప్పలేదు. సంతోషపడాల్సిన దాన్ని, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని పళ్లు కొరుకుతూ ఏడ్చాను.

వైవా అయింది, డిగ్రీ వచ్చింది. రుద్రంగిలో వాడకట్టంతా మిఠాయి పంచి వచ్చి బాపు నా పక్కన కూర్చున్నాడు.

“గా కొత్త సారు నీ పుస్తకం సదివిండా బిడ్డా?”

“సదవలే బాపు.”

“సాంచల కాడికచ్చిండా?”

“రాలే.”

“మరి నీదేనని ఆయనకెట్ల దెల్సె?”

“తెలిసినాయన పెట్టలే బాపు. తెల్వనాయన పెట్టిండు.”

బాపు ఖాళీ మిఠాయి డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత, కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగాడు.

“ఆడ నేనుంటి గద బిడ్డా. నన్నెందుకు అడగలే?”