రుచి తెలియని అమ్మకి వండిన రోజులు

మా అమ్మకి విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆమె ముక్కుని తీసుకుపోయింది. చూడ్డానికి ముక్కు ఎప్పటిలాగే ఉంది, వాసన మాత్రం తెలియడం మానేసింది. వాసనతోపాటు రుచి కూడా పోయిందన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే అమ్మ చెప్పలేదు. ఆమె మాడిన పోపుతో పప్పు వడ్డిస్తూ ఉంటే మేమూ చెప్పలేదు. జ్వరం పడి లేచిన మనిషి కదా అని నాన్న తల వంచుకుని తినేవాడు. నాన్నని చూసి నేనూ తినేదాన్ని.

ఇచ్ఛాపురం నుంచి అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ, వచ్చిన రోజున గుట్టు బయటపడింది. ఒరిస్సా రాష్ట్రం కొత్తగా ఏర్పడి, మా బరంపురం అందులో కలిసిన రోజులవి. పెద్దమ్మ బరంపురం వచ్చిన ప్రతిసారీ, సరిహద్దులో గిరిసోల దాటుతుంటే వేరే రాష్ట్రంలోకి వస్తున్నట్టు రైల్లో ఎవరూ చెప్పరేమిటని ఆశ్చర్యపోయేది. ఆ రోజు ఆ ఊసే ఎత్తలేదు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏటే, పాలు మాడిపోతన్నాయి, కంపు తెలవడం నేదేటి?" అంది.

అమ్మ పొయ్యి ముందే కూర్చుని ఉంది. గిన్నెలోకి చూసింది, తరవాత నా మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ మేం ఏం తింటున్నామో అప్పుడు ఆమెకి అర్థమైంది. గరిటె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వంటింటి గడప తొక్కలేదు.

అప్పుడు నాకు పద్నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నాన్నకి బడా బజార్లో దినుసుల కొట్టు. మిరపకాయని చూసి అది ఏ వైపు పంటో చెప్పగలిగిన మనిషికి అన్నం వార్చడం రాదు. నాకూ రాదు. మొదటి రోజు గంజి వార్చబోయి సగం అన్నాన్ని తూములో పోశాను. మిగిలిన సగం ముగ్గురం తిన్నాం.

నేర్పమని అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకునే, "నాకే తెలవని రుసి నీకెలాగ సెప్పనే? నీకు నోరుంది కదా, నువ్వే సూసుకో" అంది.

ఆ మాట విసుగుతో అన్నదే. నేను మాత్రం దాన్ని అనుమతిగా తీసుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు ఎందుకని అడిగే జబ్బు ఉంది. బళ్ళో చదివిన నాలుగు రోజులూ పంతులుగారు ఆ జబ్బుకి గోడకుర్చీతో వైద్యం చేశారు. వంటింట్లో ఆ గోల లేదు. పప్పులో పులుపు ముందే వేస్తే ఎందుకు ఉడకదు? కందకి చింతపండు తగిలితే దురద ఎక్కడికి పోతుంది? జవాబు చెప్పేవాళ్ళు లేరు గనక వండి చూసుకోవడమే. ఒకే వంకాయని రెండు చేసి, సగాన్ని మూత పెట్టి, సగాన్ని మూత లేకుండా మగ్గించేదాన్ని. రెండు కూరలూ నాన్న కంచంలో చెరో పక్కన వడ్డించేదాన్ని.

"ఏటమ్మా ఇది, రెండూ వంకాయే కదా?"

"కాదు. తిని సెప్పు నాన్నా, ఏది బాగుందో."

"రెండూ బాగున్నాయి."

అదీ మా నాన్న. మాడినా బాగుందనేవాడు, ఉడక్కపోయినా బాగుందనేవాడు. అలాంటి మెప్పుతో ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఆ మాట మొహం మీదే అంటే నవ్వి, సాయంత్రం కొట్టు నుంచి వస్తూ ఇంకో కొత్త దినుసు పొట్లం కట్టి తెచ్చేవాడు. నేను పెద్దమనిషినయ్యాక బజారు వైపు వెళ్ళనిచ్చేవారు కాదు. అందుకని బజారే పొట్లాల్లో మా ఇంటికి వచ్చేది.

అసలు బెంగ అమ్మ గురించి. పెరుగన్నం రెండు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. రవికెలు కుట్టు వేసి బిగించాల్సి వచ్చింది. "మందు నా దగ్గర లేదు, తిండే ఈవిడకి మందు" అని వైద్యుడు చెప్పి వెళ్ళిపోయాడు. నోట్లో పెడితే ఏమవుతోందని నేను అడుగుతూనే ఉండేదాన్ని. అమ్మ ఓపిక ఉన్నప్పుడు చెప్పేది.

"మిరపకాయ నాలిక మీద మండుతాది. ఉప్పు, పులుపు ఎక్కడో దూరంగా తెలస్తాయి. మిగిలినదంతా మట్టే. నోట్లో ఏటెట్టుకున్నా ఒకటే."

ఆ మట్టిలోంచి ఏదో ఒకటి ఆమెకి తెలిసేలా చెయ్యాలి. నాకు కావలసింది అంతే. ఇంగువ ఎక్కువ వేసి చూశాను. అల్లం పచ్చడి చేశాను. నిమ్మాకులు మజ్జిగలో నలిపాను. అస్కా వైపు నుంచి వచ్చే ముదురు బెల్లం వాసన ఇల్లంతా నిండేలా పానకం కాచాను. అమ్మ అన్నీ బుద్ధిగా నోట్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, కంచం పక్కకి జరిపేది. నా మనసు కష్టపడుతుందని తెలిసినా, బాగుందని ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అందుకు అప్పుడు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంట్లో నాకు దొరికిన నిజమైన సాయం అదొక్కటే.

ఒక రోజు నాన్న కంచం ముందు కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఒక పూజారిని పెట్టీద్దామమ్మా. మీ అమ్మ తిననిదానికి నువ్వెందుకు పొగలో కూకోడం?" పూజారి అంటే గుళ్ళో వాడు కాదు. మా ఊళ్ళో ఒడియా వంటవాళ్ళని అలాగే అంటారు. నాకు ఒళ్ళు మండింది. సరే అనెయ్యాలనీ అనిపించింది, ఎందుకంటే ఆ పూట నా చెయ్యి కాలి ఉంది. ఆ నెలాఖరు దాకా ఆగమన్నాను.

అమ్మ మీద ప్రేమే నన్ను రోజూ పొయ్యి ముందు కూర్చోబెట్టిందని చెబితే వినడానికి బాగుంటుంది. ప్రేమ ఉంది. కానీ తెల్లవారుజామున తడి కట్టెలతో పొగ ఊదుతున్నప్పుడు ప్రేమ పెద్దగా పనికిరాలేదు. నిన్న ఇలా ఎందుకైంది, ఇవాళ అలా చేస్తే ఏమవుతుందన్న ఒక్క ఆలోచనే నన్ను పక్క మీంచి లేపేది. చేసి చూడవలసినది ఏదో ఒకటి మిగిలి ఉన్నంత కాలం నాకు విసుగు రాలేదు.

మా పెరటి గోడకి అవతల ఒడియా వాళ్ళ ఇల్లు. ఆ ఇంటావిడని మావుసీ అనేదాన్ని, అంటే పిన్ని. ఒక పొద్దున గోడ దాటి వచ్చిన వాసనకి నేను పెరట్లోకి పరుగెత్తాను. అది బెసర అని, ఆవాలు నూరి చేసే కూర అని ఆవిడ చెప్పింది. ఆడపిల్లలందరినీ ఆవిడ 'మా' అని పిలిచేది.

"ఆవాలు, ఎల్లుల్లి, ఎండుమిరపకాయలు మెత్తగా నూరు మా. కూరలో ఏసి టికియే మరగనీ, ఎక్కువొద్దు, కొంచెమే. అంతే."

అరటికాయతో అచ్చం అలాగే చేశాను. నాన్న మారు వేయించుకుని తిన్నాడు, ఈసారి మొహమాటానికి కాదని తెలుస్తూనే ఉంది. గిన్నెడు మావుసికి పంపితే కోడలికి కూడా పెట్టానని కబురు చేసింది. అమ్మ ఒక ముద్ద నమిలింది. "మట్టే" అంది.

అందరూ మెచ్చుకున్న రోజునే వంట మానేద్దామని గట్టిగా అనుకున్నాను. గిన్నెలు తోమడానికి పెరట్లో వేసి, సన్నికల్లు కడుగుదామని వంగాను. రాతి మీద మిగిలిన ఆవ ముద్ద ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున నూరుతున్నప్పుడూ ఇలాగే అయింది. మరి కూరలో ఈ ఘాటు లేదేం?

కడగడం ఆపేశాను. ముద్దలో కొంచెం తీసి మరుగుతున్న నీళ్ళలో కలిపి చప్పరించాను. ఘాటు చచ్చిపోయింది. గోరువెచ్చటి నీళ్ళలో కలిపాను. సగం బతికి ఉంది. చల్లారిన అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంటే ముక్కు పట్టుకుని పెరటి గుమ్మంలో కూలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, పెళ్ళి పంక్తుల్లో ఆవ పెట్టిన కూర రాగానే మా వాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటూ తినడం. మా ఆవ, మావుసి వాళ్ళ బెసర ఒకటే అనుకున్నాను. ఆవాలు ఒకటే, అరటికాయ ఒకటే, మధ్యలో గోడ కూడా ఒకటే. వాళ్ళు మరిగిస్తారు, మేం దించి చల్లార్చాక కలుపుతాం. మా వంట మా ఇంట్లో నేర్పేవాళ్ళు లేక పక్కింటి పద్ధతితో మా కూర కోసం వెతికాను. బరంపురంలో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు ఇది.

మర్నాడు అరటికాయలు చింతపండు పులుసుతో ఉడికించి, పోపు పెట్టి, దించి, గిన్నె చల్లబడేదాకా తాకుతూ కూర్చున్నాను. ఆవ అప్పటికప్పుడు నూరి కలిపాను. నాన్న ఇంకా కొట్టు నుంచి రాలేదు. అమ్మని పీట మీద కూర్చోబెట్టి వడ్డించాను.

అమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. ఎడమచెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. కళ్ళు ఎర్రబడి, బొటబొటా నీళ్ళు కారాయి. పొరమారిందేమో అని నీళ్ళ చెంబు అందించాను. ఆమె తీసుకోలేదు. ముక్కు అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరో లోపల తలుపు తట్టినట్టు చెవి ఒగ్గి వింటున్నట్టుంది ఆ మొహం.

తరవాత ముద్ద మింగి, నాలిక పెదాల మీద తిప్పి, మొహం చిట్లించింది.

"ఉప్పుగల్లు ఏసి నూరలేదేటే? ఆవ సేదెక్కిపోనాది."

నేను పొయ్యి అంటించినప్పటి నుంచీ ఆమె నా వంటకి వంక పెట్టడం అదే మొదలు. చేదెక్కిందట. ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను, పెరట్లోకి పోయి ఏడ్చి రావాలనిపించింది.

"నాకు తెలవదమ్మా" అన్నాను.

"తెలవకపోతే అడగాల. రేపు నూరినప్పుడు నన్ను పిలు, నాను పక్కన కూకుంటాను" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కంచం నా వైపు జరిపింది. ఎప్పటిలాగే తీసెయ్యమంటోందనుకుని చెయ్యి చాచాను.

"కంచం తీస్తన్నావేటే," అంది అమ్మ, "కూర ఎయ్యి."