సమ్మయ్య మిగిలిపోయిన దీవి

ఉదయం ఆరుంబావుకి ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. ముప్పై ఏళ్ళ కిందటే చేయవలసిన ప్రయాణం ఇది. బంగాళాఖాతంలో ఒక చిన్న దీవి మీద ఓడలకు దారి చూపే రేడియో స్టేషన్ ఉండేది. అక్కడ నేనూ, బూర్గంపాడు వైపు అడవి పల్లె నుంచి వచ్చిన సమ్మయ్యా కలిసి పనిచేశాం. అతను అక్కడే జ్వరంతో పోయాడు. ఈమధ్య ఆ స్టేషన్ మూసేసి టవర్ దించేశారని తెలిసింది. ఇక ఆ దీవికి పడవ వెళ్ళదు. సమ్మయ్య అక్కకు ఒక నిజం చెప్పాలని బయలుదేరాను.

జూలూరుపాడులో ఎక్కిన ఒక రిటైరైన గని కార్మికుడు నా పక్కన కూర్చున్నాడు. నా ఉద్యోగం సంగతి విని, "సముద్రం నడుమ ఏం పని సారూ?" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక సైన్యం ఆ టవర్ కట్టిందనీ, ఇంకో సైన్యం వచ్చి లాక్కుందనీ, ఇద్దరూ పోయాక బంకర్లూ పేర్లు లేని పదకొండు సమాధులూ మిగిలాయనీ చెప్పాను.

"మా బొగ్గుబాయిల గూడ గట్ల మిగిలిపోయినోళ్లున్నరు," అని ఆయన కొత్తగూడెంలో దిగిపోయాడు.

బూర్గంపాడు క్రాస్‌రోడ్డులో తొమ్మిదిన్నరకు దిగి, టీ తాగి, షేర్ ఆటోలో పల్లెకు చేరాను. సమ్మయ్య అక్క నాగమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఎవలు సారూ?"

"సమ్మయ్యతో పనిచేసినవాణ్ణి అక్కా. అప్పుడు ఉత్తరం రాసింది నేనే."

జ్వరం వచ్చిన రోజే కబురు పంపామనీ, పడవవాళ్ళే రాలేదనీ ఆ ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. "పడవకు చెప్పు," అని సమ్మయ్య అడిగినా, మామూలు జ్వరమేనని రెండు రోజులు మాత్రలిచ్చి ఊరుకున్నాను. మూడోనాడు వైర్‌లెస్‌లో చెప్పేసరికి తుఫాను పట్టుకుంది. ఐదోనాడు అతను పోయాడు. ఆ సైనికుల సమాధుల పక్కనే నేనే పూడ్చాను. ఇదంతా ఆమెకు చెప్పాను.

నాగమ్మ చేతిలోని మిరపకాయలు కింద పెట్టింది.

"అమ్మ పానం పోయేదాక పడవోళ్లనే తిట్టింది తమ్మీ. వాళ్ల పిల్లలు గూడ గిట్లనే పోవాలెనని మొక్కింది. పాపం, వాళ్లేం జేసిన్రు?"

నేను తల దించుకున్నాను.

"ఆఖరికి ఏమడిగిండు?"

"నీళ్ళడిగాడు. ఇచ్చాను."

"అవ్," అని లేచి వెళ్ళి, అన్నం, పప్పుచారు తెచ్చి పెట్టింది. ఎదురుగా కూర్చుంది. తిన్నాను. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

మూడింటికి తిరుగు బస్సెక్కాను. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాను, కాలేదు. వినవలసిన తల్లి లేదు. జూలూరుపాడు దాటాక మరో సంగతి గుర్తొచ్చింది. పడవ నడిపే సరంగు తుఫాను తగ్గకముందే ప్రాణానికి తెగించి వచ్చాడు. ఒక్కరోజు ఆలస్యమైందని సమ్మయ్యను పూడ్చినచోట కూర్చుని ఏడ్చాడు. అది నాగమ్మకు చెప్పనే లేదు.

ఏన్కూరులో దిగి, రోడ్డు దాటి, భద్రాచలం వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాను.