మూడు గంటల బస్సు తప్పిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి కామారెడ్డికి పొద్దున ఒక బస్సు పోయేది. అదే బస్సు మధ్యాహ్నం మూడు గంటలకు కామారెడ్డిలో బయలుదేరి తిరిగి వచ్చేది. అంతే, ఇంకో బస్సు లేదు. ఎల్లారెడ్డి రోడ్డు నుంచి మా ఊరు నాలుగు మైళ్ళు లోపల, అడవి అంచున ఉంటుంది. మూడు గంటల బస్సు తప్పినవాళ్ళు ఎల్లారెడ్డి బస్సెక్కి రోడ్డు మీద దిగి, ఆ నాలుగు మైళ్ళూ నడవాలి. ఆడవాళ్ళు, చిన్నపిల్లలు ఆ సాహసం చేసేవారు కాదు.

మా చిన్నబాపు, అంటే మా నాన్నకు తమ్ముడు, బావుల దగ్గరి కరెంటు మోటార్లు బాగుచేసేవాడు. ఊరూరు తిరగాల్సిన పని కాబట్టి ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాడు. మా ఊళ్ళో అదొక్కటే. బస్సు లేని వేళల్లో ఊరికి అదే బస్సు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని, పడిపోకుండా వెనక ఇంకొకరిని ఎక్కించుకుని, ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయిన రోజులున్నాయి. ముగ్గురు ఎక్కడం తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నెత్తికి రుమాలు తప్ప ఇంకోటి కట్టుకోవాలని కూడా ఎవరికీ తెలియదు.

చిన్నబాపుకు పెళ్ళయి అప్పటికి ఏడాది. ఆయన భార్య, మా చిన్నమ్మది రామారెడ్డి అనే ఊరు. ఇంట్లో ఆమెకు నేనే తోడు, నాకు ఆమే తోడు. నాకు జడ వేసేది, తన పక్కన పడుకోబెట్టుకునేది. ఆ కార్తీకంలో చిన్నమ్మ వాళ్ళ అమ్మకు జబ్బు చేసి కామారెడ్డిలో దవాఖానలో చేర్పించారు. చూసి రావడానికి పొద్దున బస్సుకు చిన్నమ్మ బయలుదేరితే, నేనూ వస్తానని ఏడ్చి ఆమె వెంట పడ్డాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రైలును అప్పటిదాకా చూడలేదు.

రెండున్నరకే బస్టాండుకు వచ్చేశాం. చిన్నమ్మ బస్సెక్కి, కిటికీ పక్కన నాకోసం చేతిసంచి పెట్టి సీటు ఆపింది. నేను కిందనే నిలబడ్డాను. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. జనంలోంచి దూరి, వాళ్ళనీ వీళ్ళనీ దారి అడుగుతూ, స్టేషను దాకా పరుగెత్తాను. పొగ వదులుతూ బండి ఆగి ఉంది. డబ్బాలు లెక్కపెట్టాను. అది కదిలి, చివరి డబ్బా కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి మా బస్సు లేదు. బస్టాండులో ఒక మూల చిన్నమ్మ ఒక్కతే ఉంది. నాకోసం బస్సు దిగి, దుకాణాల్లోనూ బావి దగ్గరా వెతికి వెతికి వచ్చినట్టుంది, జుట్టంతా రేగిపోయింది. కొడుతుందనుకున్నాను. నన్ను పట్టుకుని ఏడ్చింది, అంతే.

అక్కడ ఊళ్ళో, బస్సులోంచి మేము దిగకపోయేసరికి చిన్నబాపు కాసేపు చూసి, బండి తీసుకుని బయలుదేరాడు. ఆయన కామారెడ్డి చేరేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. చిన్నమ్మ ఆయనతో ఒక మాట అన్నది. అది నాకు బాగా గుర్తుంది.

"ఇయ్యాల్టికి మా అమ్మ దగ్గర దవాఖానల్నే పండుకుంటం. రేపు పొద్దుగాల ఎట్లన్న జేసి వస్తం. నువ్వు పో."

"రేపు పొద్దుగాల నాకు లింగంపేట దిక్కు పనున్నది. ఇంత దూరం వచ్చి వట్టిగ పోవుడేంది? గంటల ఇంట్ల ఉంటం, ఎక్కుండ్రి" అన్నాడు చిన్నబాపు.

నన్ను ముందర టాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు. చిన్నమ్మ వెనక కూర్చుంది. తాడ్వాయి దాటాక నేనే మెల్లగా చెప్పాను, రైలు చూడడానికి పోయానని. కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. "గట్లనా బిడ్డా? మరి ఎన్ని డబ్బాలున్నయి?" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంజన్ ఎంత నల్లగా ఉందో, పొగ ఎట్లా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. గాలికి మాట వినపడదని మెడ వెనక్కి తిప్పి గట్టిగా అరిచి చెబుతున్నాను. ఆయన వినడానికి తల కిందికి వంచాడు.

అవి వడ్లు రోడ్ల మీద ఆరబోసే రోజులు. సాయంత్రం కుప్ప చేసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. పొద్దు గూకి, రోడ్డూ రాళ్ళూ ఒకే రంగులో కలిసిపోయాయి. మా బండి లైటు ఎప్పుడూ మినుకుమినుకుమనేదే.

నేను పోయి వడ్లకుప్పలో పడ్డాను. మోచేతులు గీరుకుపోయాయి, ఇంకేం కాలేదు. చిన్నమ్మ కుడిచెయ్యి విరిగింది. చిన్నబాపు తల రాతికి తగిలింది. వడ్లకు కాపలా ఉన్న రైతు పరుగెత్తుకొచ్చి, "అయ్యో, నా రాళ్ళే గదనే అవ్వా" అంటూ నెత్తి కొట్టుకున్నాడు. పాపం ఆయనకు మాత్రం వడ్లు ఆరబోసుకోవడానికి వేరే చోటెక్కడిది? ఏదైనా బండి వస్తుందేమోనని ఎంతసేపు ఎదురుచూశామో చెప్పలేను. చివరికి ఒక ట్రాక్టర్ వచ్చింది. ఎల్లారెడ్డి చేరకముందే, చిన్నమ్మ ఒళ్ళోనే చిన్నబాపు పోయాడు.

మరునాడు ఇల్లంతా జనం. మా నాయనమ్మ గొంతు అప్పటికే పోయింది. ఆ పోయిన గొంతుతోనే అందరిముందు చిన్నమ్మను అడిగింది.

"మూడు గంటల బస్సుకు ఎందుకు రాలేదే పిల్లా? బస్సు వచ్చింది గద. దాంట్ల మీరెందుకు లేరు?"

నేను గుమ్మీ వెనక నక్కి ఉన్నాను. మా ఇంట్లో వడ్లు పోసుకునే పెద్ద గంప అది. ఇక నా పేరు వస్తుందనుకుని కళ్ళు మూసుకున్నాను. చిన్నమ్మ విరిగిన చెయ్యికి అప్పుడే కట్టు కట్టారు. ఆమె తల ఎత్తలేదు.

"మా అమ్మ దగ్గర కూసున్న అత్తా. యాళ్ల సూసుకోలె. నాదే తప్పు."

ఆ ఒక్క మాటతో ఆమె ఆ ఇంట్లో ఉండలేకపోయింది. కట్టుకున్నవాణ్ణి మింగిందన్నారు. తల్లి మీది పావురమే, ఆ ప్రేమే, మొగుణ్ణి తిన్నదన్నారు. పదకొండో రోజు అయిపోగానే రామారెడ్డి నుంచి ఆమె తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. పోయేముందు నా తల దువ్వి, ఒక్క చేత్తో ఎట్లాగో జడ వేసింది. నాకు నోరు రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాత ఏడేళ్ళూ రాలేదు. తిట్టినప్పుడల్లా నాయనమ్మ చిన్నమ్మ పేరు ఎత్తేది. నేను అన్నం ముందర కూర్చుని వినేదాన్ని.

కామారెడ్డిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు, ఒక ఆదివారం రామారెడ్డి పోయాను. చిన్నమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. చెయ్యి వంకరగా అతికింది. పక్కవాళ్ళ చాట నిండుతుంటే ఆమెది సగమైనా కాలేదు. నన్ను చూసి ముఖమంతా నవ్వయింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె ఆకు చుట్టడం ఆపలేదు.

"తొమ్మిదేండ్ల పోరివి. గా తప్పు నీ మీద పడితే మల్ల లేస్తుంటివా? నేను పెద్దదాన్ని, మోస్త."

"మరి నాయనమ్మ ఇంకా తిడుతున్నది చిన్నమ్మా."

"తిట్టనీ బిడ్డా. కొడుకు పోయినామెకు తిట్టుకునేటందుకు ఒక మనిషి ఉండాలె."

ఇక ఆగలేకపోయాను. ఆ వారమే ఊరికి పోయి నాయనమ్మకు అంతా చెప్పాను. రైలు సంగతి, బస్సు దిగి చిన్నమ్మ నన్ను వెతికిన సంగతి, ఆగిపోదామని ఆమె అన్న మాట. నాయనమ్మ నన్ను తిట్టలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి పొద్దున బస్సుకు నా వెంట బయలుదేరింది. రామారెడ్డిలో చిన్నమ్మ ముందు కింద కూర్చుని, వంకరపోయిన ఆ చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని, ఎముక అతికిన చోట బొటనవేలితో నిమిరింది. "ఏడేండ్లు తిట్టిన గదనే నిన్ను" అన్నది.

"పోనీ అత్తా. పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా?" అన్నది చిన్నమ్మ.

ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాయనమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ బోనాలకు చీర పట్టుకుని ఆమె దగ్గరికి పోయేది. చిన్నమ్మ పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటికో బండి ఉంది. బస్సు మాత్రం ఇప్పటికీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పిల్లలు కాలేజీకైనా, ఆడవాళ్ళు దవాఖానకైనా, ముగ్గురేసి బండి మీద పోవాల్సిందే. పోవద్దని చెప్పే నోరు నాకు లేదు, ఎందుకంటే వేరే దారి చూపించలేను. హెల్మెట్ పెట్టుకోమంటాను. చీకటి పడితే అక్కడే ఎవరింట్లోనైనా ఉండిపొమ్మంటాను. కొందరు వింటారు. వినని పిల్లల్లో ఇద్దరి పాడెల వెంట నడిచాను.

నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలు ఏదైనా పగలగొట్టినా, ఎవరికైనా దెబ్బ తగిలినా, ఎవరు చేశారని నా నోటి నుంచి ముందుగా రాలేదు. చేసిన పిల్ల ఎక్కడో మూల నక్కి ఉంటుందని నాకు తెలుసు, ముందు ఆమెను వెతికి దగ్గరికి తీసుకునేదాన్ని. అది చిన్నమ్మ ఇచ్చింది. ఆమె నన్ను ఆ బస్టాండులోనే క్షమించింది, నాయనమ్మా క్షమించింది. కానీ నోరు తెరవకుండా నేను అన్నం తిన్న ఆ ఏడేళ్ళు మాత్రం ఎవరూ తీసుకోలేదు. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి.